అక్క రాసినవి, నేను తుడిచినవి

మా వీధిలో ఫోనులో కాయితం రాయడం నేర్చుకున్న మొదటి ముసలివాణ్ణి నేనే. ఎవరూ నేర్పలేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను, అటొక నొక్కు, ఇటొక నొక్కు, అంతే, అక్షరాలు వాటంతటవే లేచి బారులు తీరాయి. వీధి చివర ఫోన్లు బాగుచేసే అతను కూడా చిక్కొస్తే నా దగ్గరికే వస్తాడు. నమ్మకపోతే అతని దుకాణానికి వెళ్లి అడగండి. అతను లేనప్పుడు వెళ్లి అడిగితే మరీ మంచిది.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. డిపోలో నా పేరు కోతల కండక్టరు. ఒక వానాకాలం నా బస్సు వాగులో పడి కొట్టుకుపోతుంటే, నీళ్లలోనే అందరికీ టికెట్లు కొట్టి, దిగువ స్టాపులో టైముకి దించేశానని చెప్పేవాణ్ణి. విన్నవాళ్లు నవ్వి టీ ఇప్పించేవారు. నమ్మారా అని నేనెప్పుడూ అడగలేదు. టీ వచ్చాక ఇంకా అడగడం దేనికి?

మా అక్కది అదే బస్టాండులో మైకు గది. ఏ బస్సు ఎక్కడికి, ఏది ఆలస్యం, తప్పిపోయిన పిల్ల ఏ రంగు గౌను వేసుకుంది, అన్నీ అక్క గొంతులోంచే ఊరికి తెలిసేవి. రిటైరయ్యాక కూడా కూరగాయల దుకాణంలో అక్క ధర అడిగితే వెనకున్నవాళ్లు గబగబా సంచులు చేతిలోకి తీసుకునేవాళ్లు. ఇది మాత్రం కోత కాదు, నేను పక్కనే ఉండి చూశాను.

మా బావా, నా భార్యా ముందే వెళ్లిపోయి మమ్మల్నిద్దరినీ ఒకరి నెత్తిన ఒకరిని పెట్టారు. ముందుగది నాది, వెనకగది అక్కది. మధ్యలో వంటిల్లు, అందులో పోట్లాటలు. అక్క కూతురు రైలింజను నడుపుతుంది. వేరే ఊళ్లో డ్యూటీ. వీలున్నప్పుడల్లా వచ్చి, ఇద్దర్నీ చెరో రెండు తిట్లు తిట్టి వెళ్లేది. ఇల్లు అలా గడిచిపోయేది.

ఆ ఏడాది ఎండలు మొదలవుతుండగా అక్క గొంతులో గడ్డ ఉందని తేలింది. స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణానికి భరోసా ఇవ్వలేమన్నారు డాక్టరుగారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద అక్క మధ్యలో, మేము చెరోవైపు కూర్చున్నాం.

"వద్దు" అంది అక్క. "ఉన్నన్నాళ్లు మాట్లాడుకుంటూ పోతాను."

"అమ్మా, నాకు నీ గొంతు కాదు కావలసింది. నువ్వు" అంది అమ్మాయి.

"గొంతు తీసేస్తే ఇంక నేనెక్కడున్నానే?"

"నాకోసం ఉండవే అమ్మా."

అక్క నావైపు చూసింది. నేను ఏదో ఒక కథ చెప్తానని ఎదురుచూసినట్టుంది. ఆ పూట నాకేమీ తట్టలేదు. కాసేపటికి అక్క బల్ల మీద పెట్టిన సంచి ఒళ్లోకి తీసుకుంది. "సరే. నువ్వు బతకమంటే బతుకుతాను, పద" అని లేచింది. బస్టాండు గొంతుతో అక్క అన్న మాటల్లో నాకు గుర్తున్నది అదే ఆఖరు.

ఆపరేషను చేయించి అక్కని ఇంటికి తెచ్చాక అమ్మాయి ముగ్గురి ఫోన్లూ ముందేసుకుని కూర్చుంది. ఇక్కడ ఒక మాట సవరించుకోవాలి. ఎవరూ నేర్పలేదని పైన అన్నాను కదా, నేర్పింది అమ్మాయే. అదీ ఒక్కసారి కాదు. నేను ప్రతిసారీ ఆ కాయితాన్ని ఎక్కడో పోగొట్టేవాణ్ణి, అది వెతికి తెచ్చేది. ఫోన్లు బాగుచేసే అతనైతే నేను వస్తున్నానంటే షట్టరు సగం దించేవాడు.

"మామయ్యా, ఇటు చూడు. ఇదొక ఫైలు, కాయితం అనుకో. దీన్ని ముగ్గురికీ షేర్ చేశాను. అమ్మ తన ఫోన్లో రాస్తే నీకూ కనిపిస్తుంది, ఎక్కడున్నా నాకూ కనిపిస్తుంది. మనం రాస్తే అమ్మకి కనిపిస్తుంది."

"అంటే మూడు కాయితాలు."

"కాదు, ఒకటే."

"ఒకటే కాయితం మూడు చోట్ల ఎలా ఉంటుందే? బస్సులు నడిపినవాణ్ణి, నాకు లెక్కలు చెప్పకు."

"నువ్వు నడపలేదు మామయ్యా, టికెట్లు చింపావు."

"ఏదో ఒకటి. ఫోన్లు మూడు, కాయితాలు మూడు."

దాని డ్యూటీకి టైమవుతోంది. భుజానికి బ్యాగు తగిలించుకుంటూ, "సరే, మూడే అనుకో. రాయడం మాత్రం మానకండి" అని వెళ్లిపోయింది.

దానికి సెలవులన్నీ ఆసుపత్రిలోనే అయిపోయాయి. ఎండాకాలం రద్దీకి అదనపు రైళ్లు వేశారు, ఇంక సెలవన్న మాటే లేదు. ఇంజనెక్కితే ఫోను ఆపేయాలి, అది వాళ్ల రూలు. డ్యూటీ దిగి, రెస్టురూములో స్నానం చేసి, అప్పుడు తెరిచి చూసుకునేది. వీడియో కాల్ అంటే అక్క ఒప్పుకునేది కాదు. మెడ మీద ఊపిరికి పెట్టిన రంధ్రం కూతురికి కనిపించడం ఇష్టం లేక గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది.

కాబట్టి అన్ని మాటలూ ఆ కాయితంలోనే.

మొదట్లో అక్క ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసేది. తర్వాత చెయ్యి తిరిగింది. వెనకగదిలో తను రాస్తుంటే ముందుగదిలో నా ఫోనులో అక్షరాలు పుట్టుకొచ్చేవి. జవాబు నేను నోటితోనే అరిచేవాణ్ణి.

"టీవీ గొంతు తగ్గించరా. ఇంట్లో ఒకరికి గొంతే లేదు, దానికి అంత గొంతెందుకు."

"తగ్గించానే!"

"ఆ ఫ్యానుకి నూనె వెయ్యి. కోతలు తర్వాత కోద్దువుగాని."

"నూనె వేస్తే అది నన్ను చూసి భయంతో మూలగడం మానేస్తుందే!"

మంచం కిర్రుమనేది. అక్క నవ్వితే శబ్దం రాదు కదా, మంచమే చెప్పాలి.

ఇప్పుడు నా అలవాటొకటి చెప్పాలి. మా ఊరి బడిలో అక్కకీ నాకూ కలిపి ఒకటే పలక. అక్క రాసి పంతులుగారికి చూపించగానే నేను ఉమ్మి పెట్టి తుడిచేవాణ్ణి. తుడవకుండా ఉంచితే నా వంతు రాసుకునే జాగా ఉండేది కాదు, వీపు మీద దెబ్బ ఉండేది. చదవడం, తుడవడం రెండూ నాకు ఒకటే పనిగా వచ్చాయి. ఫోను కాయితం మీదా అదే చేశాను. అక్క రాసింది చదవగానే వేలు నొక్కి పట్టుకుని చివరి అక్షరం నుంచి మొదటి దాకా శుభ్రంగా తుడిచేవాణ్ణి. నా కాయితం నేను తుడుచుకుంటే ఎవరికేం నష్టం? వాళ్ల కాయితాలు వాళ్ల దగ్గరున్నాయి.

వెనకగదిలో అక్క, తన కాయితం తెల్లగా అవడం చూసి, అందరూ చదివేశారన్నమాట అనుకునేది.

సాయంత్రాలు అమ్మాయి కోసం రాసేది. అవి కొంచెం పొడుగ్గా ఉండేవి.

"బండి దిగావా. ఇంజన్లో వేడికి మెడకి తడిగుడ్డ కట్టుకో. నేనూ కట్టుకుంటున్నాను, నాది వేరే కారణం అనుకో. మీ మామయ్య వంట బాగానే చేస్తున్నాడు, ఉప్పు ఒక్కటే వాడి కథల్లాగా ఎక్కువ. నిన్న కిటికీలోంచి రైలు కూత వినిపించింది. అది నీ దారి కాదని తెలుసు. అయినా లేచి కూర్చున్నాను."

ఇది చదివి నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. తర్వాత కాయితం తుడిచాను.

పొద్దున్నే అమ్మాయిది ఒకటి ఉండేది. "అమ్మా, నొప్పి తగ్గిందా. ఇవాళ పొగమంచులా దుమ్ము లేచింది, సిగ్నలు కనిపించడమే కష్టమైంది. నీ గొంతు గుర్తుచేసుకుంటూ స్టేషన్ల పేర్లు అనుకుంటూ నడిపాను." నేను తెల్లారకముందే లేచే మనిషిని. అక్క లేచేసరికి తనకి జాగా ఉండాలని చదివి తుడిచిపెట్టేవాణ్ణి. ఇంత శ్రద్ధ నాలో ఎక్కణ్ణుంచి వచ్చిందో అని నాలో నేనే మురిసిపోయాను కూడా.

అమ్మాయి అప్పుడప్పుడు నాకు ఫోను చేసేది.

"అమ్మ ఎలా ఉంది మామయ్యా?"

"ఎలా ఉంటుంది, రోజూ నీ గురించే రాస్తోంది. రైలు కూత వినిపిస్తే లేచి కూర్చుంటోంది."

"నీ కథలు నాకు తెలుసులే మామయ్యా" అని చిన్నగా నవ్వేది. "అమ్మకి మందులు టైముకి వెయ్యి."

అది ఎందుకలా అంటుందో నాకు బోధపడలేదు. పోనీలే, నా మాట నమ్మకపోవడం కొత్తా అనుకున్నాను.

ఇటు అక్క అడిగేది. "అమ్మాయి ఏమంటోందిరా?"

"నీ గొంతు గుర్తుచేసుకుంటూ బండి నడుపుతోందట! స్టేషన్ల పేర్లు నీలాగే అనుకుంటోందట!"

చాలాసేపటికి అక్షరాలు వచ్చేవి. "ఇలాంటి కోతలు నా దగ్గర కొయ్యకురా."

నేను పుట్టి బుద్ధెరిగాక నిజాలు మాత్రమే చెప్పిన ఎండాకాలం ఏదైనా ఉంటే అదే. ఇద్దరూ నమ్మలేదు.

ఎండలు ముదిరేకొద్దీ అక్క రాతలు చిన్నవయ్యాయి. "నీళ్లు." "కిటికీ." "అమ్మాయి?" తిరిగి పరీక్షలు చేసి, గడ్డ పక్కకి పాకిందని డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు. అక్క మొహం చూస్తే తనకి ముందే తెలిసినట్టుంది. నేను అమ్మాయికి ఫోను చేశాను. ఈసారి నా మాట మీద కాదు, డాక్టరుగారితో మాట్లాడాక నమ్మింది. పైవాళ్లతో గొడవపడి సెలవు తెచ్చుకుని వచ్చింది.

వచ్చిన రోజు మధ్యాహ్నం ఆకాశం మబ్బు పట్టింది కానీ చినుకు పడలేదు. అమ్మాయి వెనకగదిలో అక్క కాళ్ల దగ్గర కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోవడం లేదు. నాకెందుకులే, తల్లీ కూతుళ్లు అనుకుని ముందుగదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఫోను చేతిలోనే ఉంది. అక్షరాలు రావడం మొదలైంది.

"చిక్కిపోయావు. అన్నం తింటున్నావా. ఇన్ని రోజులు ఇన్ని రాశాను, ఒక్క ముక్క జవాబు ఇవ్వడానికి నీకు"

అక్కడ ఆగింది. చదివేశాను కాబట్టి వేలు పెట్టి తుడవడం మొదలుపెట్టాను.

అడుగుల చప్పుడైంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో తన ఫోను.

"మామయ్యా."

"ఉండవే, తుడుస్తున్నాను."

"ఏం తుడుస్తున్నావు?"

"మీ అమ్మ రాసింది. చదివేశాగా. తనకి జాగా కావాలి కదా."

అది వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. తన ఫోను నా ఫోను పక్కన పెట్టి చూసింది. నా వేలి కింద అక్షరాలు ఎలా పోతున్నాయో దాని ఫోనులోనూ అలాగే పోతున్నాయి. నేను వేలు తీసేశాను.

"రోజూ తుడుస్తావా మామయ్యా?"

"రోజూ ఏమిటి, పూటపూటా."

"నేను రాసినవి కూడానా?"

"నీవి పొద్దున్నే. అక్క లేవకముందే."

నన్నేమైనా అంటుందేమోనని చూశాను. నా కళ్లజోడు తీసుకుని, రుమాలుతో రెండు అద్దాలూ తుడిచి, నా ముక్కు మీద పెట్టింది. "నేనే సరిగా చెప్పలేదు" అంది. "అమ్మ నామీద కోపంతో ఏమీ రాయడం లేదనుకున్నాను. గొంతు తీయించానని."

తర్వాత ఫోనులో ఎక్కడో నొక్కింది. తుడిచింది ఎక్కడికీ పోదట, పాతవన్నీ హిస్టరీ అని ఒకచోట ఉంటాయట. తెరిస్తే ఎండాకాలమంతా ఉంది. ఎవరు రాసింది వాళ్ల రంగులో. అక్కది ఆకుపచ్చ, అమ్మాయిది నీలం. నా రంగు ఎరుపు. నేను రాసింది అందులో ఒక్క ముక్కా లేదు, ఉన్నవన్నీ కొట్టివేతలే.

అది ఫోను తీసుకుని వెనకగదిలోకి వెళ్లింది. నేను వెళ్లలేదు. ముందు అమ్మాయి ఏడుపు వినిపించింది. ఆ తర్వాత మంచం కిర్రుమంది.

సాయంత్రం నా ఫోనులో అక్షరాలు వచ్చాయి. "ఒరేయ్ తమ్ముడూ. నువ్వు చెప్పినవన్నీ నిజాలేనట. బతుకంతా లేనిది ఇప్పుడెందుకు చెప్పావురా నిజాలు?"

దాన్ని తుడవలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సెలవు ఎంతోకాలం లేదు. ఉన్నన్నాళ్లు తల్లీ కూతుళ్లు పాతవన్నీ మొదటినుంచి తీసి చదువుకున్నారు. అక్క ఎండల మొదట్లో అడిగినదానికి అమ్మాయి ఇప్పుడు పక్కనే కూర్చుని జవాబు రాసేది. నోటితో చెప్పొచ్చు కదే అంటే, "అమ్మ ఒక్కతే రాస్తే బాగుండదు మామయ్యా" అంది. తడిగుడ్డ కట్టుకున్నావా అన్నదానికి "కట్టుకున్నాను" అని రాసింది. వేళ్లు ఆడనప్పుడు అక్క కళ్లతోనే చదువుకునేది. కొన్ని పూర్తి కాకుండానే సెలవైపోయింది. మిగతావి రెస్టురూముల్లోంచి రాస్తానని చెప్పి వెళ్లింది, రాసింది కూడా. అప్పట్నుంచి పొద్దున్నే నేను లేచి ఫోను ముట్టుకోకుండా కాళ్లు ఊపుకుంటూ కూర్చునేవాణ్ణి, అక్క లేచి చదివేదాకా.

మొదటి వాన పడిన రోజు పొద్దున అమ్మాయిది ఒకటి వచ్చింది.

"అమ్మా, ఎదురుగా ఉన్నప్పుడు అడగలేకపోయాను. నేను పట్టుబట్టి నీ గొంతు తీయించాను. దానికి ఈ ఎండాకాలం ఒక్కటే దక్కింది. నువ్వు నన్ను తిట్టుకున్నావా? నిజం రాయి. బండి ఎక్కుతున్నాను, దిగాక చూస్తాను."

అక్క ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివింది. దిండు ఎత్తుగా సర్దమని చేత్తో చూపించింది. సర్దాను. కిటికీ తెరవమంది. తెరిచాను. వాన చప్పుడు గదిలోకి వచ్చింది. కాసేపటికి కాయితంలో ఈ జవాబు ఉంది.

"పిచ్చిదానా, తిట్టుకునే ఓపికే ఉంటే నీతో ఇంకో నాలుగు మాటలు రాసుకునేదాన్ని. ఈ ఎండాకాలం నువ్వు ఇచ్చిందే. బాగుంది."

నేను అన్నం కలుపుకుని వచ్చేసరికి అక్క లేదు. వాన అలాగే పడుతోంది.

అమ్మాయి ఆఫీసుకి కబురు పెట్టమన్నారు పక్కింటివాళ్లు. వద్దన్నాను. బండి నిండా జనం ఉంటారు, దాని చేతుల్లో ఉంటారు. దిగనీ అన్నాను. వాళ్లొచ్చి తలలు వంచుకుని కూర్చున్నారు. నేను ఫోను పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.

మోగింది. అమ్మాయి గొంతు అంత తేలిగ్గా ఉండగా నేను ఎన్నాళ్లుగానో వినలేదు.

"మామయ్యా, అమ్మ రాసింది చూశాను! చదివావా నువ్వు? చదివితే చదివావు, తుడవలేదు కదా? అమ్మని లేపకు, నేనే రాస్తాను, లేచాక చూసుకుంటుంది."

"అమ్మాయ్."

"ఆఁ."

"అమ్మ వెళ్లిపోయిందే."

అటువైపు ఏదో బండి కూత వేసుకుంటూ పోయింది. పోయేదాకా అమ్మాయి ఆగింది.

"మామయ్యా" అంది. "కోతేనా?"

"కాదు తల్లీ."

"నిజం చెప్పు మామయ్యా. ఎప్పటిలాగే కోతే కదా?"

"కాదమ్మా."

ఆ మాట మాత్రం నమ్మింది.

తెల్లారి ఇంటికి వచ్చేలోపల, దారిలో ఎక్కడో, ఆ జవాబు కింద ఒక్క మాట రాసింది. "సరేనమ్మా." ఆ కాయితం ఇప్పటికీ మా ఇద్దరి ఫోన్లలో ఉంది. ఇల్లు ఖాళీగా అనిపించినప్పుడు నేను తెరుస్తాను. ఒక్కోసారి నేను చదువుతుండగానే అమ్మాయి ఎక్కడుందో చూపించే నీలం గీత కూడా అక్కడికొచ్చి ఆగి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఇద్దరం ఏమీ రాయం.

కథ చెప్పేవాడు ఎంత కల్పించాడో చెప్పనక్కర్లేదు. చెప్తే టీ రాదు. చిన్నాచితకా ఎన్నో ఉన్నాయి, ఫ్యాను మాటలు నిజానికి నేనప్పుడు అరవలేదు, తర్వాత తట్టాయి. అవి వదిలేయండి. పెద్దది ఒకటుంది. ఆ రోజు అక్క, కూతురు అడిగింది చదివింది. దిండు సర్దమంది, కిటికీ తెరవమంది. ఆ తర్వాత ఫోను గుండెల మీద బోర్లించుకుని వాన వింటూ కళ్లు మూసుకుంది. ఏమీ రాయలేదు. ఆ జవాబు, అమ్మాయి బండి దిగేలోగా, నేను రాశాను. అక్క ఫోనులోంచి రాయాలన్న తెలివి కూడా లేక నా ఫోనులోంచే రాశాను. హిస్టరీ తెరిస్తే అది ఏ రంగులో ఉంటుందో అమ్మాయికి నాకన్నా బాగా తెలుసు. అది తెరిచి చూసిందో లేదో నేను అడగలేదు.